స్వచ్ఛందంలో శుభ్రం లేదు

సందేహం: అమలాపురం దగ్గర డిగ్రీ కాలేజీలో సోషల్ వర్క్ చెబుతాను. పిల్లల రిపోర్టుల్లో స్వచ్చంద, స్వఛ్చంద, స్వచ్ఛంద అని మూడు రకాలూ కనిపిస్తున్నాయి. ఏది ఒప్పు? ఇది ‘స్వచ్ఛ’ నుంచే పుట్టిందని ఒక కుర్రాడి వాదన. వాలంటీరుని స్వచ్ఛంద సేవకుడనే రాయించాలా? సిలబస్‌లోని ‘హ్యూమన్ సర్వీసెస్’కి ‘మానవ సేవలు’ సరిపోతుందా?

సమాధానం: స్వచ్ఛంద ఒక్కటే ఒప్పు. పైది మామూలు చ, కిందిది ఒత్తు ఛ. స్వ అంటే తన, ఛందం అంటే ఇష్టం. హ్రస్వం తర్వాత ఛ వస్తే మధ్యలో ఒక చ్ వచ్చి చేరుతుంది. పాణిని ఈ సంగతి ‘ఛే చ’ అని రెండక్షరాల్లో తేల్చేశాడు. విచ్ఛిన్నం, పరిచ్ఛేదం కూడా అలా వచ్చినవే.

మీ కుర్రాడి వాదన నిలవదు. స్వచ్ఛ అనేది సు (మంచి), అచ్ఛ (నిర్మలం) కలిసిన మాట. భీష్ముడికి తండ్రి ఇచ్చిన వరం స్వచ్ఛంద మరణం. తను కోరుకున్నప్పుడే చావు రావడం అని అర్థం గానీ శుభ్రమైన చావు అని కాదు కదా! స్వచ్ఛ భారత్‌లో చీపురు పట్టినవాళ్లంతా స్వచ్ఛందంగానే పట్టారా అన్నది వేరే సంగతి.

మీరు అడగలేదు గానీ, నాకు నచ్చని వాడుక ఇంకొకటుంది. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. దానికి క్రెడిట్లున్నాయి, తప్పించుకోవడానికి లేదు. దాన్ని స్వచ్ఛంద సేవ అంటే ఛందం ఎక్కడుంది? సమాజ సేవ అనండి చాలు. 1969లో మొదలైన ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) అలా కాదు. రెండేళ్లలో 240 గంటలని అక్కడా లెక్కుంది గానీ, చేరడం ఇష్టం మీద. కాబట్టి అది స్వచ్ఛందమే. మీ ప్రాజెక్టు అయిపోయాక కూడా గోదావరి లంకలో పిల్లలకి చదువు చెప్పడానికి వెళ్లే అమ్మాయి ఉంటే, ఆవిడది 181వ గంట నుంచీ స్వచ్ఛందం.

వాలంటీరు మాటకి లాటిన్‌లో ఉన్న మూలానికీ ఇష్టమనే అర్థం. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన రాజమండ్రి పిల్ల దుర్గాబాయి ఆ అర్థంలోనే వాలంటీరు. 2019 ఆగస్టు 15న 50 ఇళ్లకి ఒకరు, నెలకి 5,000 గౌరవ వేతనం అంటూ గ్రామ వాలంటీర్లు వచ్చాక మాట దారి మారింది. ఆ ఏర్పాటు ఇప్పుడు లేకపోయినా, మీ పిల్లలు ఏ ఊరైనా వెళ్లి ‘వాలంటీర్లమండీ’ అంటే, అరుగు మీద మామ్మగారు పింఛను గురించి అడుగుతారు. అందుకని రిపోర్టులో స్వచ్ఛంద సేవకుడు, సేవకురాలు అని రాయించండి. ఊళ్లో మాత్రం ‘కాలేజీ నుంచి వచ్చామండీ’ అనమనండి.

‘మానవ సేవలు’ వద్దు. ఏకవచనంలో ఉంటే మనుషులకి చేసే సేవ అని తెలుస్తుంది. బహువచనం చేశారంటే బ్యాంకు సేవల్లాగా, కౌంటరు ఎక్కడుందో అనిపిస్తుంది. సంక్షేమ సేవలు నయం. అసలు సేవ అని గుండుగుత్తగా రాయడం కన్నా పని పేరు చెప్పడం మన భాషకి అలవాటు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు చేసినదాన్ని జనం అన్నదానం అన్నారు. మీ పిల్లలు ‘పర్యావరణ పరిరక్షణ సేవలో పాల్గొనడం జరిగింది’ అని రాస్తే కొట్టేసి, ‘పంట కాలవలో గుర్రపుడెక్క తీశాం’ అని దిద్దండి.