ఇలకూర వేరు, కలబంద వేరు

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. ఉప్పు మళ్ళ గట్లమీద మొలిచే ఇలకూర ఆకు నలిపితే నీళ్ళు కారతాయి. కలబంద మాదిరే ఎండలకని నీళ్ళు దాచుకుంటుందా? మరి నేను రోజూ నీళ్ళు పోసిన కలబంద కుండీలోనే ఎందుకు కుళ్ళిపోయింది?
— ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆకు నలిపిన వేలిని నాలిక్కి తగిలించి ఉంటే సగం జవాబు మీకే దొరికేది. ఇస్కపల్లిలో మా మేనత్త ఇలకూరను ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి పప్పులో వేసేది. అయినా ఉప్పు డబ్బా మూత తీసేది కాదు.

ఉప్పు మళ్ళ దగ్గర తడికేం కొదవ? కానీ అంత ఉప్పు నేలలోంచి నీళ్ళు లాగడం మామూలు వేళ్ళ వల్ల కాదు. ఇలకూర ఉప్పును కూడా లోపలికి రానిచ్చి, ఆకు కణాల్లో ఉండే నీటి తిత్తుల్లో బంధిస్తుంది. ఆ ఉప్పే మళ్ళీ నేలలోని నీటిని గుంజుతుంది. పులుసులో ఉప్పెక్కువైతే మనం నీళ్ళు పోసి విరిచినట్టు, అదీ ఇంకాస్త నీరు పట్టి ఆకును ఉబ్బిస్తుంది. ముదురాకులు ఎర్రబడి రాలేటప్పుడు కొంత ఉప్పూ వదిలిపోతుంది.

కలబందది వానను దాచుకునే కాపీనం. ఆకు చీల్చి చూడండి: పైన మైనం పూసిన పచ్చటి తొక్క, లోపలంతా జిగురు గుజ్జు. ఆ జిగురు నీటిని తొందరగా వదలదు. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు గాలిని ఆమ్లంగా దాచి, తెల్లారాక ఎండలో వాడుకుంటుంది. రణపాలదీ ఇదే పద్ధతి. దాని ఆకు తెల్లవారుజామున కొద్దిగా కొరికి ఉమ్మేయండి, పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి చప్పన. ఒకప్పుడు మన సామర్లకోట మొక్కల తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ ఈ సంగతే రాస్తే 1815లో అచ్చయింది. పరికరం ఏమిటంటారా, ఆయన నాలుకే!

ఇక మీ కుండీ. రోజూ తడిస్తే వేళ్ళకు గాలాడక కుళ్ళుతాయి. పక్కన పిలకలుంటే తీసి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, ఎర్రమట్టి సగం, ఇసుక సగం కలిపి నాటండి. వారం దాకా నీళ్ళు వద్దు, తర్వాత కూడా వేలు గుచ్చి చూసి మట్టి ఎండితేనే పోయండి. ఇసుక పెన్నది తెప్పించుకోండి, దగ్గరే కదా అని సముద్రపు ఒడ్డుది తేవద్దు.