డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రెండు రోజులు

టెక్కలి నుంచి జర్మనీలోని కెమ్నిట్స్‌కు ఎం.ఎస్. చదవడానికి వెళ్లబోతున్న మీరు అడిగినవి మూడు: వారాంతంలో ఒక యూరప్ నగరం చూసి రావడం విద్యార్థి తట్టుకోగల ఖర్చేనా, రెండు రోజుల్లో ఏం చూడగలం, "చదువుకోమని పంపితే ఊళ్లు తిరుగుతున్నావా" అనే నాన్నగారికి ఏం చెప్పాలి. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్నగారు ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉన్నారు. మిగిలిన రెండింటికి, డ్రెస్డెన్‌లో చదివి ప్రస్తుతం శ్రీకాకుళంలో పాఠాలు చెప్పుకుంటున్న మనిషిగా నా అనుభవం రాస్తాను.

విమానం టికెట్టు చవకగా దొరికిందని దూరపు ఊరు పెట్టుకోకండి. రైలులో రెండు మూడు గంటల్లో చేరగల ఒక్క ఊరు ఎంచుకుని అక్కడ రెండు రాత్రులు ఉండండి. నా సహాధ్యాయులు కొందరు ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడింటినీ రెండున్నర రోజుల్లో చుట్టి వచ్చారు. వాళ్లకు బాగా గుర్తున్నవి బస్టాండ్లే.

నేను డ్రెస్డెన్ నుంచి చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్లింది 2014లో. అక్టోబరు 3 జర్మనీ ఏకీకరణ దినం కనుక సెలవు, ఆ ఏడాది అది శుక్రవారం పడింది. ముందుగా కొన్నందువల్ల రానుపోను రైలు టికెట్లు 38 యూరోలకే దొరికాయి. చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబరులో షెంగెన్‌లో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమిలో, చేరింది కాబట్టి జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న విద్యార్థికి వేరే వీసా అక్కరలేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా ఉండి రావచ్చు. అయితే పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ అసలువే వెంట ఉండాలి. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర బాడ్ షాండావ్‌లో జర్మన్ పోలీసులు మా రైలు పెట్టెలోకి ఎక్కారు. ఫోనులో ఫొటో ఉంటే చాలనుకుని పాస్‌పోర్టు గదిలో వదిలి వచ్చిన మా పార్వతీపురం మిత్రుణ్ణి అక్కడే దింపేసి, గంటన్నర తరువాత గానీ వదిలిపెట్టలేదు.

ప్రాగ్‌లో నా మొదటి తప్పు స్టేషన్‌లోనే జరిగింది. ఊళ్లోకి రాగానే కనబడిన మొదటి బోర్డు మీద 'ప్రాహా' (ప్రాగ్‌కు చెక్ పేరు) అని ఉండటంతో గబగబా దిగిపోయాను; అది హొలెషొవిట్సె, ప్రధాన స్టేషన్ ఇంకా ముందుంది. శ్రీకాకుళం రోడ్డు అన్న బోర్డు చూసి ఊరు వచ్చేసిందనుకుని ఆమదాలవలసలో దిగి తెల్లమొహం వేసే కొత్తవాళ్లను చూసి చిన్నప్పటి నుంచీ నవ్వుకున్నవాణ్ణి, ఆ పూట నా వంతు వచ్చింది. అదృష్టవశాత్తు అక్కడి నుంచి మెట్రో సి లైను నేరుగా ఊరి నడిబొడ్డుకు వెళుతుంది. మెట్రో టికెట్టు కొంటే సరిపోదు, పసుపుపచ్చ యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా తప్పదు.

రెండు రోజుల్లో ఏం చూడగలం అంటే, నా మట్టుకు నేను శనివారం ఉదయమంతా ఒక గడియారం ముందే గడిపాను, అందుకు చింతించలేదు. పాత పురపాలక భవనం గోడకు ఉన్న ఆ ఖగోళ గడియారం 1410 నాటిది. గంట పూర్తి కాగానే పైన రెండు కిటికీలు తెరుచుకుంటాయి, యేసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు వరుసగా కనబడి వెళతాయి, పక్కనున్న అస్థిపంజరం గంట తాడు లాగుతుంది. అది ముగియగానే ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనమంతా చెదిరిపోతారు. అసలు విషయం ఆ తరువాత, ఖాళీగా ఉన్నప్పుడు పలకను చూస్తే తెలుస్తుంది. బయటి వలయం మీద 1 నుంచి 24 వరకు ఉన్న అంకెలు సూర్యాస్తమయం నుంచి మొదలయ్యే పాత చెక్ కాలమానానివి. నా చేతి గడియారం ఉదయం పది చూపుతుంటే ఆ వలయం మీద బంగారు ముల్లు పదిహేను దాటి ఉంది. లోపలి వంపు గీతలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి, అంటే వేసవిలో గంట పెద్దది, చలికాలంలో చిన్నది. పగటిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం లెక్కకట్టే ఇంట్లో పెరిగినవాడికి ఇందులో వింతేమీ లేదు, కానీ పక్కన నిలబడిన మా జర్మన్ మిత్రుడికి ఎంత చెప్పినా ఎక్కలేదు.

రాశిచక్రం దగ్గర మాత్రం నేనే తడబడ్డాను. అక్కడ సూర్యుడు తులారాశిలో ఉన్నాడు. మన పంచాంగం ప్రకారం ఆ రోజు ఆయన ఇంకా కన్యలోనే ఉండాలి. వాళ్లది విషువత్తు నుంచి రాశులు కొలిచే సాయన లెక్క, మనది నక్షత్రాలను బట్టి కొలిచే నిరయనం, రెండింటికీ మధ్య సుమారు 24 డిగ్రీల తేడా ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. అక్టోబరు మొదటి రోజుల్లోనే అరసవల్లిలో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మన జనం తెల్లవారకముందే వెళ్లి నిలబడతారు. నేను ఆ సూర్యుణ్ణి అక్కడ ఒక గోడ మీద వెతుక్కున్నాను.

చార్లెస్ వంతెనకు పగలు వెళ్లకండి, తిరునాళ్లలా ఉంటుంది. నేను ఆదివారం ఉదయం ఏడింటికి, అప్పుడప్పుడే పొద్దు పొడుస్తుండగా వెళితే పదిమంది కూడా లేరు. 1357లో మొదలుపెట్టిన ఆ రాతి వంతెన పొడవు 516 మీటర్లు, మీద 30 విగ్రహాలు. 1393లో రాజాజ్ఞ మీద వ్లతావా నదిలోకి తోసివేయబడిన నెపొముక్ యోహాను అనే మతగురువు విగ్రహం కింద కంచు పలక ఒకటి ఉంది. మిగతా భాగమంతా నల్లబడినా, తాకితే మంచి జరుగుతుందని నమ్మే జనం చేయి తగిలినచోట మాత్రం పసుపురంగు తేలి, రోజూ తోమిన చెంబులా మెరుస్తుంది. పక్కనున్న కుక్క బొమ్మకు ఏ మహిమా లేదట, అయినా దాన్నీ వదల్లేదు జనం. కోట, తక్కిన చర్చిలు చూశాను. వాటి గురించి రాసేంత గుర్తు లేదు.

ఇక డబ్బు. అక్కడ యూరో కాదు, కొరునా. పెద్ద చౌరస్తా దగ్గర ఒక మార్పిడి కౌంటరు "కమిషన్ లేదు" అన్న బోర్డు పెట్టుకుని, 50 యూరోలకు 1,370 దాకా రావలసిన చోట నాకు 900 చేతిలో పెట్టింది. 2019 నుంచి అక్కడి చట్టం ప్రకారం ఇలాంటి మార్పిడిని మూడు గంటల లోపు రద్దు చేసుకోవచ్చు, కనుక రసీదు పారేయకండి. నా కాలంలో ఆ సదుపాయం లేదు. దాదాపు అన్నిచోట్లా కార్డు చెల్లుతుంది, కార్డు యంత్రం "యూరోల్లోనా, కొరునాల్లోనా" అని అడిగితే కొరునాలే నొక్కండి.

పోగొట్టుకున్న ఆ 17 యూరోలతో సహా, రైలుకు 38, హాస్టల్లో రెండు రాత్రులకు 30, తిండికి 34, టికెట్లకు 14, మొత్తం 133 యూరోలు అయింది. శుక్రవారం రెండు పూటలూ గదిలో కలుపుకున్న పులిహోరతో గడిచిపోయాయి. ఇప్పుడు ధరలు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. జర్మనీ విద్యార్థి వీసాకు ఖర్చుల కింద ముందే జమచేసి చూపాల్సిన బ్లాక్డ్ ఖాతా లెక్క 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు కాబట్టి, సెమిస్టరుకు ఒక్కసారి మించి ఇలాంటి ప్రయాణం పెట్టుకోవద్దనే అంటాను.

కెమ్నిట్స్ నుంచి మీరు ముందు డ్రెస్డెన్ చేరి అక్కడ ప్రాగ్ రైలు ఎక్కాలి. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ పక్కన సీటు పట్టుకోండి. ఎల్బే నది, దాని మీద ఇసుకరాతి కొండలు సరిహద్దు దాటేదాకా ఆ వైపే ఉంటాయి.