గింజల చుట్టూ ఉన్న గుజ్జు పారేయకండి

ప్రశ్న: ఉప్పు, మిరియాలు అన్నీ సరిపోయినా నా టమాటా సూప్ చప్పగానే ఉంటోంది. ‘ఉమామి’ తక్కువైందని మా అబ్బాయి అంటున్నాడు. అదేంటండీ?

జవాబు: తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఐదో రుచి అది. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీళ్లలో దాని గుట్టు పట్టుకున్నారు. గ్లుటమేట్ అనే పదార్థం వల్ల ఈ రుచి వస్తుంది, మింగాక కూడా నాలుకను వదలదు.

మీరు టమాటా గింజలూ, వాటి జిగురూ తీసేస్తున్నారా? సూప్ నున్నగా రావాలన్న పిచ్చితో నేనూ ఏళ్ల తరబడి వడకట్టి పారబోశాను! కండలో కన్నా ఆ జిగురులోనే గ్లుటమేట్ ఎక్కువ. బాగా పండిన కాయలే తీసుకోండి. రెండు ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టి, ఆ నీళ్లతో సహా వేయండి. వాటిలో ఉండే గ్వానిలేట్ అనే మరో పదార్థం గ్లుటమేట్‌కు తోడైతే ఉమామి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూశాకే. ఈసారి తక్కువే పడుతుంది.