జముకు, తప్పెటగుళ్ళు కలిపితే మా రాక్ పాటలు ముద్దగా ఎందుకు వినిపిస్తున్నాయి?

మీ ప్రశ్న ఇదీ: విజయనగరంలో మీ బ్యాండ్ తొలి ఆల్బమ్ మొత్తం డిస్టార్షన్ గిటార్లతో చేశారు. రెండోదాంట్లో తప్పెటగుళ్ళు (ఛాతీకి కట్టుకుని వాయించే జానపద వాద్యం), జముకు (తంత్రి మీటి వాయించే జానపద వాద్యం) పెడితే డెమోలో అన్నీ కలిసిపోయి ఏదీ తెలియడం లేదు. ఏం మార్చాలి?

గిటార్లు తగ్గించాలి. మిక్సింగ్‌లో సర్దుదాం అనుకుంటే కుదరదు, పాట కట్టేటప్పుడే తేల్చుకోవాలి. బీటిల్స్ 1965లో 'రబ్బర్ సోల్'లో సితార్ వాడినప్పుడు అది గిటార్ పాటకి అద్దిన రంగు. మరుసటి ఏడాది 'రివాల్వర్'లో ఒక పాటని సితార్, తబలా మీదే కట్టారు, గిటార్ వెనక్కి జరిగింది. సౌండు మారడమంటే ఆ రెండో పని. మీ డెమో ఇంకా మొదటి దగ్గరే ఉంది.

ముందు నడక చూడండి. మీరు పిలిచిన బృందం తకిట తకిట అని తిశ్రంలో, అంటే బీటుకి మూడేసి దెబ్బలతో వాయిస్తుంటే, మీ డ్రమ్మర్ హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని జంట పళ్ళేలు) మీద నాలుగేసి దెబ్బలు కొడితే ప్రతి బీటులోనూ రెండూ రాసుకుంటాయి. వినేవాళ్ళకి తాళం తప్పినట్టే ఉంటుంది. 4/4 వదిలి 12/8లోకి, అంటే బీటుకి మూడేసి చొప్పున నాలుగు బీట్ల లెక్కలోకి రండి. హై-హ్యాట్ పూర్తిగా ఆపేయండి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటో బీటు మీద, స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) మూడో బీటు మీద ఉంటే చాలు. లెక్క పట్టుబడకపోతే మహారాజా సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకుంటున్నవాళ్ళని ఒకరిని కూర్చోబెట్టుకోండి, జతులుగా రాసిస్తారు.

తప్పెటగుళ్ళ కళాకారుల చెవిలో క్లిక్ ట్రాక్ (ఒకే వేగంతో టిక్ టిక్ మనే చప్పుడు) పెట్టకండి. అది ఛాతీకి కట్టుకుని అడుగు వేస్తూ వాయించే వాద్యం. వేగం అడుగుతో పాటే పెరుగుతుంది, కదలకుండా నిలబెడితే ఊపు చచ్చిపోతుంది. వాళ్ళ టేకు ముందు తీసి, దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌లో టెంపో మ్యాప్ (వేగం ఎక్కడ ఎంత మారిందో చూపే గీత) గీసి, బ్యాండ్ దాని మీద వాయించాలి. వలయంగా నిలబడే నలుగురు చాలు. రెండు కండెన్సర్ మైకులు రెండు మీటర్ల ఎత్తులో, వలయానికి మీటరున్నర దూరంలో. గజ్జెలకి నేల నుంచి అడుగు ఎత్తులో ఇంకొకటి. మనిషికో మైకు పెడితే ఒకరి దెబ్బ పక్కవాళ్ళ మైకులోకి మీటరుకి 3 మిల్లీసెకన్ల ఆలస్యంగా చేరుతుంది. అవన్నీ కలిపేసరికి దెబ్బ పలచబడుతుంది. రికార్డింగ్ మీటరులో పీకులు (శబ్దం అన్నిటికన్నా పెద్దదయ్యే చోట్లు) మైనస్ 10 డీబీ దాటనివ్వకండి.

మన సముద్రపు గాలి తేమకి వాద్యాల చర్మం వదులవుతుంది. సెగ చూపించి బిగించినా కొద్దిసేపటికే దిగుతుంది. ఏసీ గదిలోకి తెస్తే తేమ తగ్గి మళ్ళీ బిగుస్తుంది. అందుకని వాద్యాలు అరగంట ముందే గదిలో పెట్టి, తర్వాతే మొదలుపెట్టండి. లేకపోతే మొదటి టేకూ మూడో టేకూ అతకవు.

జముకు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. తంత్రి బిగించే కొద్దీ స్వరం పైకి జారుతుంది, అందమంతా ఆ జారుడులోనే ఉంది. పిచ్ కరెక్షన్ (స్వరాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం) జోలికి పోవద్దు. దాని కింద మేజర్, మైనర్ కార్డులు వాయిస్తే గాంధారం దగ్గర గుచ్చుకుంటుంది కాబట్టి షడ్జం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డులు వాడండి. జముకు జారుతున్నప్పుడు బేస్ గిటార్ ఒకే స్వరం మీద నిలవాలి, లేదా ఆగిపోవాలి. కంప్రెషన్ (పెద్ద శబ్దాలని అణచడం) 2:1 చాలు, అటాక్ (అణచడం మొదలయ్యే ముందు పట్టే సమయం) 20 నుంచి 30 మిల్లీసెకన్లు. అంతకన్నా వేగంగా పెడితే మీటు శబ్దం మింగేస్తుంది.

ఇక గిటార్లు. ఎడమా కుడీ డబుల్ చేసినవాటిలో ఒకటి తీసేయండి. గెయిన్ (డిస్టార్షన్ ఎంత ఉండాలో తేల్చే నాబ్) సగానికి దించండి. 100 హెర్ట్జ్ కింద కోసేసి, 200 నుంచి 400 మధ్య 3 డీబీ తగ్గించండి. ముద్ద చేస్తున్నది ఎక్కువగా అక్కడే. పూర్తి డిస్టార్షన్ కోరస్‌కి దాచుకోండి, అప్పుడు అదీ బరువుగా వినిపిస్తుంది.

కళాకారుల పారితోషికం రికార్డింగుకి ముందే మాట్లాడుకోండి. ఆల్బమ్ అప్‌లోడ్ చేసేటప్పుడు ఒక్కొక్కరి పేరూ వాద్యంతో సహా రాయండి, 'జానపద బృందం' అని వదిలేయకండి.