కతోలిక విచారణ (ప్యారిష్) ప్రకటనలు ఏఐతో రాయించవచ్చా?

ప్రశ్న: గుణదల మాత ఉత్సవాల ప్రకటనలు మా విజయవాడ విచారణ వాట్సాప్ గ్రూపు కోసం ఏఐతో రాయించవచ్చా?

జవాబు: చిత్తుప్రతి వరకు రాయించండి. పూజ వేళలు మీరే ఇవ్వాలి, లేకుంటే ఊహించి నింపేస్తుంది. ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగని దానికి తెలుసు. మీ గుడిలో పూజ ఎన్నింటికో తెలియదు.

అసలు చిక్కు మాటలతోనే. అన్ని క్రైస్తవ సంఘాల రాతలూ కలిపి నేర్చుకుంది కాబట్టి మన కతోలికుల ‘దివ్యసత్ప్రసాదం’ ఉండాల్సిన చోట ప్రొటెస్టెంట్ల ‘ప్రభురాత్రి భోజనం’, ‘ఫాదర్‌గారు’ బదులు ‘పాస్టర్‌గారు’ పడుతుంటాయి. అది ఇచ్చే బైబిలు వాక్యాలను 73 గ్రంథాల కతోలిక బైబిలు తెరిచి అక్షరం అక్షరం సరిచూడండి. ప్రార్థన కోరిన రోగుల పేర్లు, జబ్బులు ఏఐలో ఎక్కించొద్దు. ఫాదర్‌గారి గొంతు, ముఖం ఏఐతో పుట్టించడం అసలే వద్దు. 2023లో ఏఐ పుట్టించిన పోపు ఫ్రాన్సిస్ తెల్లకోటు బొమ్మను ఎందరో నిజమనుకున్నారు. గ్రూపులో పెట్టేముందు ఫాదర్‌గారికి చూపించండి.