మీ నానమ్మకి రెండే లైన్లా?

విజయనగరం
శివరాత్రి వెళ్ళిన మూడో రోజు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కవరు అంది పది రోజులైంది. నారింజ పూల మీద 12 పేజీల వ్యాసం. మొదటి రోజు చదివి కోపమొచ్చి పక్కన పడేశాను. కానీ 9వ పేజీలోని రెండు లైన్లు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. పొద్దున్నే లేచి మళ్ళీ తీశాను. ఈ ఉత్తరం ఆ రెండు లైన్ల కోసం రాస్తున్నదే.

మీ మావయ్య కువైట్ నుంచి నారింజపూల నీళ్ళ సీసా తెచ్చాడు. నువ్వు మూత తీసి మీ నానమ్మ ముక్కు దగ్గర పెట్టావు. ఆవిడ "ఇది మన పెరటి చెట్టే కదే" అంది. తనే మూత బిగించి, సీసా నీ చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. అక్కడితో ఆపేసి కింద పేరాలో విక్టోరియా రాణిని తీసుకొచ్చావు. 1840లో ఆవిడ పెళ్ళిలో కిరీటం బదులు నారింజ పూల దండ పెట్టుకుందని, ఆ తర్వాత యూరప్‌లో చాలామంది పెళ్ళికూతుళ్ళు ఆవిడని చూసి అలాగే పెట్టుకున్నారని. నిజమే, కాదనను. కానీ రాణికి ఏడు లైన్లు ఇచ్చి నానమ్మకి రెండా? సోంపేట దగ్గర పుట్టి పెరిగిన పిల్లకి లండన్ పెళ్ళి అంత దగ్గరగా, పక్క మంచం మీది ముసలావిడ అంత దూరంగా ఎలా కనిపించారమ్మా?

పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను. "సువాసన" 14 సార్లు. "పరిమళం" 11. "గుబాళింపు" 6. "మాటల్లో చెప్పలేని అనుభూతి" 3 సార్లు. మాటల్లో చెప్పలేనిదైతే 12 పేజీలు ఎందుకు? చెప్పడమే మన పని.

ఒక్క విషయం గమనించు. మన తెలుగులో చెడ్డ వాసనలకి ఎన్ని పేర్లో! కమురు, మాడు, ముక్క, నీచు, కుళ్ళు, గబ్బు. ఒక్కోదానికి ఒక్కో మాట. నీచు వాసన అంటే చేపల గిన్నె, ముక్క వాసన అంటే వానాకాలం బియ్యం డబ్బా, వెంటనే తెలిసిపోతుంది. మంచి వాసన దగ్గరికి వచ్చేసరికి మన చేతికి వచ్చేవి ఎక్కువగా పెద్ద పెద్ద సంస్కృతం మాటలే, అన్నిటికీ అర్థం ఇంచుమించు ఒకటే. అందుకే మంచి వాసనని విశేషణంతో రాయలేం. దాని చుట్టూ జరిగిన పనితో రాయాలి. పువ్వు ఎవరు కోశారు, ఎండ ఎక్కకముందా ఎక్కాకా, ఏ గిన్నెలో పోశారు, చేతికి ఏం అంటింది, ఎవరు తిట్టారు. ఈ మాట నలభై ఏళ్ళుగా అందరికీ చెప్తున్నాను, విన్నవాళ్ళు తక్కువ. నువ్వైనా విను.

ముందు నీ పువ్వు ఏదో తేల్చుకో. మొదటి పేజీలో నారింజ అన్నావు, మూడో పేజీకి కమలాపువ్వు అయింది, అయిదో పేజీలో బత్తాయి తోట. పేపర్ల వాళ్ళు ఆరెంజ్ అన్న ప్రతిదానికీ నారింజ అని రాసి రాసి ఈ గందరగోళం తెచ్చారు. నువ్వు రాస్తున్న పూలనీళ్ళు, పూలనూనె పుల్ల నారింజవి. మనం పులిహోర కలుపుకునే నారింజే, పండు వలిచి తినలేం. నారింజ పేరు కూడా మన దేశం నుంచే వెళ్ళింది. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, అలా పడమరకి పోయి ఇంగ్లీషులో ఆరెంజ్ అయింది. ఇరాన్‌లో ఇప్పటికీ ఈ పువ్వుని బహార్ నారంజ్ అంటారు. బహార్ అంటే వసంతం. షిరాజ్‌లో దాన్ని ఎండబెట్టి టీలో వేస్తారు, జామ్ కూడా చేస్తారు. ఇదంతా నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఇటలీలో నెరోలా రాకుమారి చేతి తొడుగులకి నారింజ అత్తరు పూసుకునేదని మాత్రం రెండుసార్లు ఉంది.

ఆ చెట్టు ఒక్కటే గాని దాని వాసనలు నాలుగు. పూలని ఆవిరి పట్టి తీస్తే నెరోలి నూనె. అదే పూల నుంచి వాసనని కరిగించుకునే ద్రావణితో తీస్తే ఇంకా చిక్కగా, మల్లెకి దగ్గరగా, బరువుగా ఉండేది వస్తుంది. ఆకులూ లేత కొమ్మలూ ఆవిరి పడితే పెటిగ్రేన్. ఆ మాటకి చిన్న గింజ అని అర్థం, పూర్వం గింజంత పిందెల్లోంచి తీసేవారట. కాయ తొక్క పిండితే నాలుగోది. నువ్వు నాలుగింటికీ కలిపి సువాసన అని రాశావు. మల్లెకీ, దవనానికీ, కరివేపాకుకీ కలిపి ఒకే మాట వాడితే మీ అమ్మ ఊరుకుంటుందా?

నెరోలి ఒక కిలో రావాలంటే సుమారు టన్ను పూలు కావాలి. ఇది నువ్వూ రాశావు, కానీ అంకె రాసి వదిలేశావు. టన్ను అంటే ఏమిటో ఆలోచించావా? ఒక్కో పువ్వు చేతికి బరువే తెలియదు. ట్యునీసియాలో నాబుల్ చుట్టుపక్కల వసంతంలో పొద్దున్నే చెట్టు కింద గుడ్డలు పరిచి, నిచ్చెనలెక్కి కోస్తారు. నలిగితే రంగు తిరిగిపోతుంది, మర్నాటికి ఉంచితే వాసన చచ్చిపోతుంది, అందుకే అదేరోజు బట్టీకెక్కాలి. ఆవిరి చల్లారి దిగినప్పుడు పైన తేలిన కాస్తా నెరోలి, కింద మిగిలిన నీళ్ళే మీ మావయ్య తెచ్చిన సీసా. ఒక నిచ్చెన మీద ఒక ఆడమనిషిని నిలబెట్టి ఉంటే నీ అంకె బతికేది.

వంట భాగం మరీ నిరుత్సాహపరిచింది. "కొద్దిగా వేస్తే చాలు, అద్భుతం" అన్నావు. ఎంత? ఎప్పుడు? నువ్వు అసలు చేసి చూశావా? మా అల్లుడు మస్కట్ నుంచి ఇలాంటి సీసానే తెస్తే మూడుసార్లు పరమాన్నం చేశాను. మొదటిసారి ఉడుకుతుండగా పోశాను. ఇల్లంతా నిండిపోయింది, విస్తట్లో ఏమీ మిగల్లేదు. ఆవిరితో వచ్చిన వాసన ఆవిరితోనే పోయింది. రెండోసారి దించాక నాలుగు చెంచాలు వేశాను. మనవడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "అమ్మమ్మా, సబ్బు వేశావా?" అని అడిగాడు. మూడోసారి అర లీటరు పాల పరమాన్నానికి ఒక్క టీస్పూను, దించి, గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక. ఏలకులు మానేశాను, ఆ రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అప్పుడు కుదిరింది. నువ్వు రాయాల్సింది ఆ సబ్బు పరమాన్నం గురించి. కుదిరిన వంట ఎవరైనా రాస్తారు.

మొరాకో పిండివంట గురించి నువ్వు రాసిన పేరా పరవాలేదు. బాదం ముద్దలో నారింజపూల నీళ్ళు కలిపి, పల్చటి పిండిలో చుట్టి, నెలవంకలా వంచి కాలుస్తారు. మన కజ్జికాయకి దూరపు చుట్టం. అక్కడి వాళ్ళు దాన్ని జింక మడమలు అంటారని ఎందుకు వదిలేశావు? లెబనాన్‌లో తెల్ల కాఫీ అన్నది కూడా చేర్చు. అందులో కాఫీ గింజే ఉండదు, మరిగిన నీళ్ళలో ఈ పూలనీళ్ళు ఒక చెంచా, అంతే. భోజనాలయ్యాక తాగుతారు.

నాకెందుకింత పట్టుదల అంటావేమో. మా అమ్మది కవిటి వైపు. సముద్రం ఒడ్డున మొగలి పొదలు కంచెల్లా ఉండేవి. వానాకాలంలో అమ్మ మొగలి రేకులు తెచ్చి ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల్లో పెట్టేది. పెళ్ళయిన కొత్తలో 1984లో దాని మీద రాయాలనుకున్నాను. చీరల్లో పెట్టే ఆ మొగలితోనే వాసన నీళ్ళు ఎలా తీస్తారో చూడాలనిపించి, మా ఆయన్ని బతిమాలి పాసింజరు బండెక్కి ఇచ్చాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్ళాను. అక్కడ మొగలి మగపువ్వులతో కేవ్డా నీళ్ళు తీస్తారు, ఆ నీళ్ళే బిరియానీల్లోకీ మిఠాయిల్లోకీ వెళ్తాయి. పెద్ద రాగి డేగిసా, మూత చుట్టూ మట్టి పూత, అందులోంచి వెదురు గొట్టం, గొట్టం చివర నీళ్ళ తొట్టిలో కూర్చున్న ఇంకో రాగి కుండ. పొయ్యి దగ్గర ఒక పెద్దాయన కట్టెలు ఎగదోస్తూ ఉన్నాడు. సగం ఒడియా, సగం తెలుగు. "ఎంత మంచి వాసనో కదా" అన్నాను, నేనూ అప్పుడు నీలాగే ఉండేదాన్ని. ఆయన తల తిప్పకుండానే అన్నాడు: "నాకు రాదమ్మా. చిన్నప్పటి నుంచీ ఇక్కడే. ఇంటికెళ్తే పిల్లలు చెప్తారు, నాన్న మొగలి వాసనేస్తున్నాడని."

ఆ మాట కోసమే వ్యాసం అంతా రాశాను. ఒక పత్రికకి పంపితే ఎడిటరు గారు ఉత్తరం రాశారు, బాగుంది గాని పూలూ వంటలూ కాబట్టి మహిళల పేజీలో వేస్తామని. అచ్చయి వచ్చింది చూద్దును కదా, "మొగలి రేకులు" పోయి "కేతకీ సౌరభం" అయింది. పెద్దాయన లేడు, స్థలం చాల్లేదట. ఆయన స్థానంలో "ఆహా, ఆ పరిమళం వర్ణనాతీతం" అని ఒక వాక్యం, చివర్లో బిరియానీకి మూడు చిట్కాలు. అన్నీ నా పేరు మీదే. ఆ పత్రిక ఇప్పటికీ అమ్మ ట్రంకుపెట్టె అడుగునే ఉంది, నలభై ఏళ్ళయినా ఆ పేజీ తీస్తే చేతులు వణుకుతాయి. మగవాళ్ళు సారా బట్టీ గురించి రాస్తే కథ, మేము పూల బట్టీ గురించి రాస్తే చిట్కా. నీ ఉత్తరంలో "ఇది వంటల శీర్షికకి పంపనా?" అని అడిగావు. వద్దు. పొరపాటున కూడా పంపకు.

ఈమధ్య ఇంకో జాడ్యం వచ్చింది, ఏ వ్యాసమైనా "ఆ రోజులే వేరు" అనే దగ్గరికి వచ్చి ఆగుతుంది. నీ 12వ పేజీ నిండా అదే. 23 ఏళ్ళ పిల్లవి, ఏ రోజులు? ఆ పేజీ తీసెయ్.

యాసలో రాయొచ్చా అని అడిగావు. అంతా నీ ఇష్టం, కానీ ఒక్కటి చెప్పు. మీ నానమ్మ నిజంగా "ఇది మన పెరటి చెట్టే కదే" అనే అన్నదా? మీ ఉద్దానం వైపు ముసలమ్మ నోట "చెట్టు" రాదు, "సెట్టు" అని వస్తుంది. ఆవిడ మాటని ఇస్త్రీ చేశావు. నా ఎడిటరు నాకు చేసిన పనే నువ్వు ఆవిడకి చేశావు. అందుకే మొదటిరోజు అంత కోపమొచ్చింది, ఇది రాస్తుంటే ఇప్పుడు తెలిసింది.

ఇంకా ఏవేవో అడిగావు, కలంపేరు అవీ. వాటి సంగతి తర్వాత.

నాకు కావలసింది ఆ చెట్టు. "ఇప్పుడా చెట్టు లేదు" అని 10వ పేజీలో ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఏమైంది? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానమంతా కొబ్బరీ జీడీ పనసా నేలకూలాయి. మీ నారింజ అప్పుడే పోయిందా, లేక బాత్రూం కట్టడానికి మీవాళ్ళే కొట్టేశారా? నారింజకి నూరు పూలు పూస్తే కాయ నిలిచేవి రెండో మూడో. మిగిలినవన్నీ రాలిపోతాయి. పొద్దున్నే ఆ పెరడు ఊడ్చింది ఎవరు? రాలిన పూలు చీపురుతో పెంటలోకి పోయాయా, ఆవిడ కొన్ని కొంగులో పోసుకుందా? పోసుకుంటే ఎక్కడ పెట్టింది? ఆకులు మజ్జిగలో నలిపేదా? మూత ఎందుకు అంత గట్టిగా బిగించింది? వాసన పోతుందనా, లేక ఇక చాలనా?

ఈ కవర్లో నీ 11 పేజీలు తిప్పి పంపుతున్నాను. 9వ పేజీ నా దగ్గర ఉంది, దాని తరువాయి వచ్చాక ఇస్తాను. మా పెరటి నారింజ ఈ వారమే పూత మొదలెట్టింది. ఇవాళ తెల్లవారుజామున కోసిన పూలు నాలుగు కాగితంలో మడిచి పెట్టాను. నీ చేతికి వచ్చేసరికి వాడి గోధుమరంగు తిరుగుతాయి గాని వాసన కొంత ఉంటుంది. నువ్వు చూడకముందు మీ నానమ్మకి ఇవ్వు. ఆవిడ ఏమంటే అది, ఎలా అంటే అలా రాసి పంపు. ఏమీ అనకుండా మళ్ళీ గోడవైపు తిరిగితే, అప్పుడు ఆ పూలు ఆవిడ చేతిలో ఉన్నాయో మంచం మీద ఉన్నాయో చూసి రాయి.

శుభాశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిది