బ్యాటరీ మార్చాక కారు స్టీరియో కోడ్ అడుగుతోంది, పాత ఓనర్ కార్డు ఇవ్వలేదు. ఏం చేయాలి?

ముందు ఆ నంబర్లు కొట్టడం ఆపండి. సెకండ్ హ్యాండ్ కారు, కొత్త బ్యాటరీ వేయించగానే స్టీరియో కోడ్ అడుగుతోంది, 0000, 1234, బండి నంబరు అన్నీ కొట్టి చూశాను, షాపువాళ్లు సెట్టు మార్చేయమంటున్నారు అని రాశారు. సెట్టు మార్చక్కర్లేదు. నేనూ సరిగ్గా మీరు చేసిన పనులే, అదే వరసలో చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది 2008 మోడల్ హోండా సివిక్. 2018లో గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి దగ్గర, మధ్యవర్తి ద్వారా కొన్నాను. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, రెండు తాళాలు చేతిలో పెట్టి పంపించారు. ఇంకేమైనా కాగితాలున్నాయా అని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. మరుసటి ఏడాది రోహిణి కార్తెలో, మా విజయవాడ ఎండలో, బ్యాటరీ చచ్చిపోయింది. షాపు కుర్రాడు ఇంటికే వచ్చి పది నిమిషాల్లో మార్చేశాడు. తాళం తిప్పితే స్టీరియో మీద ‘ఎంటర్ కోడ్’ అని వచ్చింది. ‘రెండ్రోజుల్లో అదే పోద్ది సార్’ అన్నాడు. పోదు. ఏడాదైనా పోదు.

అది రిపేరు కాదు, దొంగల కోసం పెట్టిన తాళం. కార్లలోంచి స్టీరియోలు పీక్కుపోయి అమ్ముకునే రోజుల్లో వచ్చిన ఏర్పాటు. బ్యాటరీ కరెంటు ఒక్కసారి తెగితే, తనను ఎవరో ఊడదీశారని సెట్టు అనుకుంటుంది. కోడ్ మాత్రం లోపలున్న చిన్న మెమరీ చిప్‌లో కరెంటు లేకపోయినా అలాగే ఉంటుంది. కాబట్టి బ్యాటరీ తీసి మళ్లీ పెడితే తాళం పడటమే తప్ప ఊడదు. ఎవరైనా ‘ఒక రాత్రంతా టెర్మినల్ తీసి ఉంచండి, రీసెట్ అవుద్ది’ అంటే నవ్వి ఊరుకోండి. నేను నవ్వకుండా తీసి ఉంచాను. పొద్దున్నే గడియారం టైము కూడా పోయింది.

నా సెట్టులో పదిసార్లు తప్పు కొడితే అది ఇక తీసుకోదు. సెట్టు ఆన్‌లోనే గంటసేపు ఉంచి, తర్వాత మళ్లీ ప్రయత్నించాలి. ఆ సంగతి నాకు పదోసారి కొట్టాకే తెలిసింది. ఇంటి ముందు వేపచెట్టు కింద తాళం ఆన్ చేసుకుని, కిటికీలు దించుకుని గంట కూర్చున్నాను. మా ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చి, ‘ఆ పాటలేవో ఫోన్లో వినొచ్చుగా’ అంది. మాటకు జవాబు లేదు గానీ, అప్పటికే పంతం పట్టింది.

తర్వాత కారంతా వెతికాను. కొందరు ఓనర్లు కోడ్ ఉన్న స్టిక్కర్ గ్లవ్ బాక్సు లోపలి పక్కన గానీ, మాన్యువల్ వెనక అట్ట మీద గానీ అంటించి పెడతారు. గ్లవ్ బాక్సు పూర్తిగా కిందికి దించి, ఫోన్ లైటు వేసి, దాని పక్క గోడలు కూడా చూడండి. తెరిచినప్పుడు కనిపించని చోట ఉండొచ్చు. నాకు దొరికినవి దుర్గమ్మ కుంకం పొట్లం, ఎప్పటిదో పొల్యూషన్ సర్టిఫికెట్, నాలుగు వేరుశనగ తొక్కలు.

ఒక సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే, బండి తెచ్చి వదలండి, డ్యాష్‌బోర్డు విప్పి సెట్టు తీసి సీరియల్ నంబరు చూడాలి, వచ్చే వారం కుదురుద్ది అన్నారు. అక్కణ్నుంచి నేరుగా ఆటోనగర్ వెళ్లాను. బెజవాడ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మీరు గుంటూరు కాబట్టి చెప్తున్నా: లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి స్పీడోమీటరు ముల్లు దాకా అన్నీ అక్కడ దొరుకుతాయి. కారు ఎలక్ట్రికల్ పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. మూడు వైపులా తీగల చుట్టలు వేలాడుతుంటాయి, మధ్యలో చిన్న టేబుల్ ఫ్యాన్. స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా మొదట ఆర్‌సీ అడిగాడు. ఫోన్‌లో ఉన్నది చూపిస్తే పేరు చదివి, నా ముఖం చూసి, అప్పుడు కారెక్కాడు. నాకది నచ్చింది. ఆర్‌సీ అడగకుండా లాక్ తీసేస్తానన్న వాడి దగ్గర బండి వదిలేటప్పుడు కాస్త ఆలోచించండి.

సీరియల్ కోసం ఆయన ఏమీ విప్పలేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టీరియో ఆఫ్‌లో ఉంచి, 1, 6 బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుని, అలాగే పవర్ బటన్ నొక్కాడు. డిస్‌ప్లే మీద ఎనిమిది అంకెలు వచ్చాయి. అదే సీరియల్. నాకు సర్వీసు సెంటరు వాళ్లు వారం తర్వాత చేస్తామన్న పని అది. ‘దీంతో పాటు ఆర్‌సీ, ఆధార్ పట్టుకుని డీలరు దగ్గరికెళ్లు అన్నా, వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది, కోడ్ ఇస్తారు. లేదా సెట్టు విప్పి చిప్ చదువుతా. దానికంటే ముందు పాత ఓనర్‌కి ఫోన్ కొట్టావా?’ అన్నాడు.

కొట్టలేదు. మొదట చేయాల్సిన పని అది. చివరి దాకా తట్టలేదు.

అక్కడే నిలబడి లెక్చరర్ గారికి ఫోన్ చేశాను. ‘కారు పుస్తకాల సంచీ అటక మీదే ఉందయ్యా, ఆ మధ్యవర్తి అడగలేదు, నేను ఇవ్వలేదు’ అన్నారు తాపీగా. పావుగంట తర్వాత ఆయనే చేశారు. ‘చిన్న కార్డుంది, రాసుకో బాబూ’ అని అంకెలు చదవడం మొదలుపెట్టారు. మధ్యలో ఎనిమిది వచ్చింది, తర్వాత తొమ్మిది. నా స్టీరియోకి ఉన్నవి ఆరు బటన్లే. 1 నుంచి 6 వరకు. కోడ్‌లో తొమ్మిది ఉంటే దాన్ని ఎక్కడ నొక్కాలి?

‘మాస్టారూ, మొత్తం ఎన్ని అంకెలండీ?’
‘ఎనిమిది.’
‘అది సీరియల్ అండీ. ఐదంకెలది ఇంకోటి ఉందేమో చూడండి.’
‘ఆఁ, ఉంది. కళ్లజోడు మార్చుకోనీ.’

రెండోది ఐదంకెలు, అన్నీ ఆరు లోపువే. ఆ ఎనిమిది అంకెలు డిస్‌ప్లే మీద కనిపించిన సీరియల్‌తో సరిపోయాయి కాబట్టి కార్డు ఈ సెట్టుదేనని ఖాయమైంది. మీరూ ఈ రెండూ సరిచూసుకోండి. మధ్యలో ఎవరైనా స్టీరియో మార్చి ఉంటే పాత కార్డు పనికిరాదు. ఐదో అంకె నొక్కగానే ఓకే కూడా నొక్కకుండానే గుర్రుమని రేడియో మోగింది. భాయ్ టీ డబ్బులు కూడా తీసుకోలేదు. తర్వాత నా ఏసీ పని ఆయనకే ఇచ్చాను.

మీది ఏ కారో రాయలేదు. అది ముఖ్యం, పద్ధతి కంపెనీకో రకంగా ఉంటుంది. పోలో, వెంటో లాంటి ఫోక్స్‌వ్యాగన్ అయితే కోడ్ నాలుగంకెలు, డిస్‌ప్లే మీద ‘సేఫ్’ అని వస్తుంది. అక్కడ రెండుసార్లు తప్పు కొడితేనే దాదాపు గంట ఆగాలి, అదీ సెట్టు ఆన్‌లో ఉంచి. సీరియల్ కోసం ఎక్కువగా సెట్టు బయటికి లాగి స్టిక్కర్ చూడాల్సి వస్తుంది. దాని మీద విడబ్ల్యూజెడ్ అక్షరాలతో మొదలయ్యే పొడుగాటి నంబరు ఉంటుంది. ఫోర్డ్ సెట్లలో కోడ్ నాలుగంకెలు. చాలావాటిలో 1, 6 కలిపి నొక్కితే వి అక్షరంతో మొదలయ్యే సీరియల్ కనిపిస్తుంది. ఆ వి సీరియల్ నుంచి కోడ్ లెక్కగట్టే పద్ధతి ఎప్పుడో బయటికి వచ్చేసింది కాబట్టి ఎలక్ట్రీషియన్లు కూర్చున్నచోటే చెప్పేస్తారు. ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది కదా, ఇక దిక్కెవరు అని టెన్షన్ పడక్కర్లేదు. ఏ కంపెనీ సెట్టుకైనా సీరియల్ లేకుండా, కారు మోడల్ ఒక్కటే అడిగి, ముందు డబ్బు పంపితే కోడ్ ఇస్తామనే ఆన్‌లైన్ బేరాలు వదిలేయండి. మోడల్‌ని బట్టి కోడ్ ఉండదు, ఒక్కో సెట్టుకు ఒక్కోటి.

కొత్త ఆండ్రాయిడ్ సెట్టు వేయించుకోమని మీకు చెప్పినవాళ్లది పూర్తిగా తప్పనను. తెర, రివర్స్ కెమెరా కావాలనుకుంటే వేయించుకోండి. కానీ కోడ్ దొరకలేదన్న ఒక్క కారణానికి పని చేస్తున్న సెట్టు తీసేయడం మాత్రం దండగ.

కోడ్ దొరికాక కార్డు ఫొటో తీసి, మీకు మీరే వాట్సాప్‌లో పంపుకోండి. కార్డును కారులో పెట్టకండి, దొంగకు తాళంతో పాటు ఇచ్చినట్టే. ఇంకోసారి బ్యాటరీ మార్చేటప్పుడు, పాతది తీసే ముందు వేరే 12 వోల్టుల సప్లై తగిలించి ఉంచమని అడగండి. కరెంటు తెగదు కాబట్టి సెట్టు లాక్ పడదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి టెర్మినల్ పీకితే సరిపోతుందని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి. ఆల్టర్నేటర్ నుంచి వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నితే ఇంజిన్ కంప్యూటరు (ఈసీయూ) పోవచ్చు. స్టీరియో కోడ్ కోసం ఈసీయూ పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఇంకో చిన్న విషయం. కోడ్ కొట్టాక స్టీరియో పని చేస్తుంది గానీ, దాచుకున్న స్టేషన్లన్నీ పోతాయి. ఆ సాయంత్రం నేను ఎఫ్‌ఎమ్‌లో 102.2 పెట్టుకుని, ఇంక అంతా అయిపోయిందనుకుని ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున నాన్నను హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర అడిగారు, ‘ప్రాంతీయ వార్తలేవిరా, ఆ రెండో బటన్‌లో ఉండేవిగా’ అని. సిగ్నల్ పడేలోపు ఏఎమ్‌లోకి మార్చి 837 దాకా తిప్పి, రెండో బటన్ నొక్కి పట్టుకున్నాను. వెనకవాడు హారన్ కొడుతున్నాడు.